కడపటివాని వెల ఎంత?

మన గ్రామములలో పెండ్లి సంబంధము మాటలాడుటకు పెద్దలు కూర్చుండినప్పుడు మొదట వచ్చు ప్రశ్న ఏది? పిల్లవాడు సత్యవంతుడా, త్రాగుడు అలవాటు కలవాడా, తలిదండ్రులను ఆదరించువాడా అను ప్రశ్నలు తరువాత వచ్చును. కొన్ని యిండ్లలో అవి రానే రావు. మొదటి ప్రశ్న, "అబ్బాయికి నెలకెంత వస్తుందండీ?" అనునదే. అంకె పెద్దదైనచో మంచము మీది దుప్పటి మారును, కాఫీ గ్లాసు మారును, మాట చివర 'గారు' వచ్చి చేరును. అంకె చిన్నదైనచో ఆ 'గారు' నోటిలోనే ఆగిపోవును. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అయినను పెండ్లికుమారుని జీతము చూచి కట్నము నిర్ణయించు అలవాటు మన క్రైస్తవ కుటుంబములలోనుండి కూడ పోలేదు. సంతలో ఎద్దుకు పండ్లు చూచి వెల కట్టుదురు. పెండ్లిలో మనము మనుష్యునికి జీతము చూచి వెల కట్టుచున్నాము.

ఒక మనుష్యుని రాబడి ఆ మనుష్యుని విలువకు న్యాయమైన కొలతయేనా? కాదు అని చెప్పుట సులభము. ఆదివారము ప్రసంగములో ఆ మాట చెప్పినచో అందరును తల ఊపుదురు. సోమవారము ఉదయము ఆ తలలే మరల అంకె అడుగును. కావున ఊరక కాదని చెప్పి ముగింపక, ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొనిన ఒక పుస్తకమును ఈ నెల మీ ముందుంచుచున్నాను. అది ఎంతవరకు సత్యము చెప్పినదో, ఎక్కడ తడబడినదో మీతో కలిసి పరిశీలింప గోరుచున్నాను. ఆ పుస్తకమును మీరు చదివియుండ నక్కరలేదు. దాని పేరు ఏ ఉపమానములోనుండి వచ్చినదో ఆ ఉపమానము మీ అందరికిని తెలిసినదే.

జాన్ రస్కిన్ అను ఆయన ఇంగ్లండు దేశములో 1819లో పుట్టి 1900లో చనిపోయిన రచయిత. చిత్రపటములను గూర్చియు కట్టడములను గూర్చియు వ్రాసి ఆయన గొప్ప పేరు తెచ్చుకొనెను. పిమ్మట కూలివారి కష్టమును గూర్చియు ధనమును గూర్చియు వ్రాయ నారంభించెను. 1860 ఆగస్టు మొదలు నవంబరు వరకు కార్న్‌హిల్ మాగజైను అను మాసపత్రికలో ఆయన నాలుగు వ్యాసములు ప్రచురించెను. వాటిని చదివి ఆ దేశపు పెద్దమనుష్యులు అనేకులు మండిపడిరి. పత్రిక సంపాదకుడైన థాకరే, తానును పేరు పొందిన నవలాకారుడే, ఇక చాలునని నాలుగవ వ్యాసముతో ఆపివేసెను. 1862లో ఆ నాలుగు వ్యాసములే ఒక చిన్న పుస్తకముగా వెలువడినవి. ఆ పుస్తకము పేరు 'అన్‌టు దిస్ లాస్ట్'. ఈ కడపటివానికి కూడ అని దాని అర్థము.

మత్తయి సువార్త 20వ అధ్యాయము తెరచి చూడుడి. ఒక యజమానుడు తన ద్రాక్షతోటకు కూలివారిని కుదుర్చుకొనుటకు తెల్లవారుచుండగానే బయలుదేరెను. దినమునకు ఒక దేనారము అని వారితో ఒడబడెను. తొమ్మిది గంటలకు, పండ్రెండు గంటలకు, మూడు గంటలకు మరల వెళ్లి మరికొందరిని పంపెను. అయిదు గంటలకు వెళ్లి చూడగా ఇంకను కొందరు నిలిచియుండిరి. మన పట్టణములలో కూలివారి అడ్డా చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. పార, గంప పట్టుకొని తెల్లవారుజామున వచ్చి నిలుచుందురు. మేస్త్రీ వచ్చి కండబలము గలవారిని ఏరుకొని పోవును. ముసలివారు, బక్కవారు, పసిబిడ్డను చంకనెత్తుకొనిన తల్లులు మిగిలిపోవుదురు. ఎందుకు ఊరక నిలిచితిరని యజమానుడు అడుగగా, తమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. అది సోమరుల జవాబు కాదు. సాయంకాలము అయిదు గంటలవరకు ఆశతో నిలుచుట కూడ ఒక కష్టమే గదా.

సాయంకాలమున కూలి ఇచ్చునప్పుడు యజమానుడు కడపటివారితో మొదలుపెట్టించెను. వారికి ఒక దేనారము ముట్టినది. ఉదయమే వచ్చినవారికిని అదే దేనారము ముట్టినది. అప్పుడు సణుగుట పుట్టెను. ఆ సణుగుటలో ఒక సంగతి గమనించుడి. మాతో ఒడబడినది నీవు ఇయ్యలేదని వారు అనలేదు. అట్లు అనుటకు వీలులేదు. ఈ కడపటివారిని మాతో సమానులుగా చేసితివి అనునదే వారి ఫిర్యాదు. వారి చేతిలోని నాణెము చిన్నది కాలేదు. ప్రక్కవాని చేతిలోని నాణెము తమ నాణెమంత ఉండుట వారికి సహింపరానిదాయెను. కూలిని వారు అన్నము కొనుటకు మాత్రమే కాక తమ్మును తాము కొలిచికొనుటకు వాడుచుండిరి. కొలబద్ద చెడిపోయెనని వారు ఏడ్చిరి.

రస్కిన్ ఈ ఉపమానమును తీసికొని తన కాలపు అర్థశాస్త్రజ్ఞుల ముందు నిలిచెను. మిల్, రికార్డో మొదలైనవారి పేర్లు ఎత్తియే వాదించెను. ఆయన వాదములో ముఖ్యమైనవి రెండు. మొదటిది గౌరవమును గూర్చినది. లోకము వర్తకునికంటె సైనికుని ఎక్కువగా గౌరవించుటకు కారణమేమి? సైనికుడు చంపును గనుక కాదు, చచ్చుటకు సిద్ధపడును గనుక అని ఆయన చెప్పెను. దేశమునకు అయిదు గొప్ప వృత్తులు అవసరమనెను: కాపాడు సైనికుడు, బోధించు కాపరి, స్వస్థపరచు వైద్యుడు, న్యాయము నిలుపు న్యాయవాది, కావలసిన వస్తువులు సమకూర్చు వర్తకుడు. సైనికుడు తన స్థలము విడుచుటకంటె చచ్చుట మేలు. తెగులు వచ్చినప్పుడు వైద్యుడు పారిపోవుటకంటె చచ్చుట మేలు. కాపరి అబద్ధము బోధించుటకంటె చచ్చుట మేలు. అట్లయిన వర్తకుడు దేని కొరకు చచ్చుటకు సిద్ధపడవలెను? ఈ ప్రశ్న విని ఆనాటి ధనవంతులు కలవరపడుట ఆశ్చర్యము కాదు. తమ లాభము నిలుచుటకు ఇతరులు చచ్చుట వారికి తెలిసిన సంగతియే. తాము దేనికొరకైనను నష్టపడవలెననుట వారికి క్రొత్త.

రెండవ వాదము కూలిని గూర్చినది. ఒక పనికి ఇద్దరు మనుష్యులు వచ్చి, ఆకలి చేత ఒకరినొకరు తగ్గించుకొని, చివరకు ఒకడు సగము కూలికి ఒప్పుకొనినయెడల, వాడు ఒప్పుకొనెను గనుక అది న్యాయమైన కూలి అగునా? కాదని రస్కిన్ తేల్చి చెప్పెను. జబ్బు చేసినప్పుడు తక్కువ ఫీజు పుచ్చుకొను వైద్యుడు ఎవడని మనము వేలము వేయము. ప్రధానమంత్రి పదవిని తక్కువ జీతమునకు ఒప్పుకొనువానికి అప్పగింపము. మరి కూలివాని విషయములో మాత్రము ఆ బేరము దేవుడు నియమించిన ప్రకృతి ధర్మమని ఏల చెప్పుచున్నాము? ఒక దేశపు ఐశ్వర్యమును పెట్టెలోని బంగారముతో కాక, ఆ దేశములో సంతోషముగా, యోగ్యముగా బ్రతుకుచున్న మనుష్యులతో లెక్కింపవలెనని ఆయన సారాంశము.

ఈ పుస్తకము దక్షిణాఫ్రికాలో ఒక భారతీయుని చేతికి వచ్చినది. 1904లో గాంధీగారు జొహన్నెస్‌బర్గునుండి డర్బనుకు రైలులో వెళ్లుచుండగా, ఆయన స్నేహితుడైన హెన్రీ పోలక్ స్టేషనులో ఈ పుస్తకము ఇచ్చెను. ఇరువది నాలుగు గంటల ప్రయాణము. చదువ మొదలుపెట్టి విడువలేకపోయెననియు, ఆ రాత్రి నిద్ర పట్టలేదనియు ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఆయన ఈ పుస్తకములోనుండి మూడు పాఠములు నేర్చుకొనెను. ఒక్కొక్కరి మేలు అందరి మేలులోనే ఉన్నదని ఒకటి. న్యాయవాది పనికిని క్షురకుని పనికిని విలువ ఒకటే, ఏలయనగా తమ పని చేత బ్రతుకు హక్కు ఇద్దరికిని సమానమని రెండవది. దున్నువాని బ్రతుకును, చేతిపని చేయువాని బ్రతుకును బ్రతుకదగిన బ్రతుకులని మూడవది. మొదటిది తనకు ముందే తెలుసుననియు, రెండవది మసకగా తోచియుండెననియు, మూడవది ఎన్నడును తనకు తట్టలేదనియు ఆయన ఒప్పుకొనెను. గొప్ప రాబడిగల న్యాయవాది ఇట్లు ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు.

చదివి ఊరకుండలేదు. ఆ సంవత్సరమే డర్బను దగ్గర ఫీనిక్స్ అనుచోట భూమి కొని, తన పత్రిక అచ్చుకూటమును అక్కడికి మార్చెను. అక్కడ పనిచేయుటకు చేరిన వారికి జాతి భేదము, రంగు భేదము లేక నెలకు మూడు పౌనులు జీవనవేతనమని నిర్ణయించెను. అందరును చేరలేదు. చేరలేనివారికి వారి పాత జీతములే ఇచ్చిరి. 1908లో ఆయన ఈ పుస్తక సారమును గుజరాతీలో వ్రాసి 'సర్వోదయ' అని పేరు పెట్టెను. సర్వోదయము అను మాట మన దేశములో వ్యాపించుటకు మూలము ఇదియే. ఆ మాటకు వెనుక ద్రాక్షతోట కూలివాడు నిలిచియున్నాడని మన క్రైస్తవులలో ఎందరికి తెలియును?

ఇంతవరకు పుస్తకమునకు చెల్లవలసిన ఘనత చెల్లించితిమి. ఇప్పుడు దాని లోపములను చూతము. మంచి పుస్తకమును కండ్లు మూసికొని పొగడుట దానికి మేలు చేయుట కాదు.

మొదటి లోపము. గాంధీగారు క్షురకుని చూచిరి గాని, రస్కిన్ చెప్పిన అయిదు గొప్ప వృత్తుల పట్టికలో క్షురకుడు లేడు. పాకీపని చేయువాడు లేడు. నాటు వేయు స్త్రీ లేదు. మనుష్యులందరు సమానులను మాట తాను నమ్మనని రస్కిన్ ఆ పుస్తకములోనే స్పష్టముగా చెప్పెను. కొందరు ఏలవలెను, కొందరు నడిపింపబడవలెను అని ఆయన అభిప్రాయము. అనగా మనుష్యుని విలువను జీతము అను మేకు నుండి తీసి, గౌరవము అను మరియొక మేకునకు తగిలించెను. మేకు మారినది గాని మనిషి క్రిందికి దిగలేదు. 2020 మార్చి 22న, సాయంకాలము అయిదు గంటలకు, మన దేశమంతట జనులు తలుపులలో నిలిచి చప్పట్లు కొట్టిరి. కరోనా కాలములో పనిచేయుచున్న వైద్యులకు, నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు వందన మది. రస్కిన్ అడిగిన ప్రశ్నకు ఆ దినములలో వీధి ఊడ్చు స్త్రీ జవాబు చెప్పినది. తెగులు కాలములో తన స్థలము విడువలేదు. అయినను ఆయన పట్టికలో వైద్యునికి చోటున్నది, ఆమెకు లేదు. మన చప్పట్లలో ఆమెకు ఒక సాయంకాలము చోటు దొరికినది. మరుసటి దినము ఆమెకు త్రాగుటకు నీళ్లు ఏ గ్లాసులో ఇచ్చితిమో మనకు తెలియును.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. ప్రతి పనికి స్థిరమైన ఒకే కూలి ఉండవలెను, మంచి పనివానిని పెట్టుకొనవలెను, చెడ్డ పనివానిని పెట్టుకొనకూడదు అని రస్కిన్ ఏర్పాటు. చేతగాని వాడు తక్కువ కూలికి ఒప్పుకొని మంచి పనివాని కూలిని చెడగొట్టకూడదని ఆయన భయము. అందులో జ్ఞానమున్నది. కాని ఆయన తన పుస్తకమునకు పెట్టిన పేరు ఎవరిది? ఎవరును పెట్టుకొనని వానిది. ఉపమానములోని యజమానుడు అయిదు గంటలకు వెళ్లి పిలిచినది మంచి పనివారిని కాదు. అందరును ఏరుకొని పోగా మిగిలినవారిని. పుస్తకము అట్టమీద కడపటివాడు ఉన్నాడు. లోపలి ఏర్పాటులో వాడు మరల అడ్డాలోనే నిలిచిపోయినాడు. ఈ లోటు రస్కిన్‌కు తెలియకపోలేదు. ముందుమాటలో ఆయన పని లేనివారికి ప్రభుత్వము పనిశాలలు పెట్టవలెననియు, పని చేసి ముసలివాడైన కూలివాడు ఉద్యోగస్థునివలెనే సిగ్గుపడక పింఛను పుచ్చుకొనవలెననియు వ్రాసెను. మన గ్రామములలో వృద్ధాప్య పింఛను పుచ్చుకొను ముసలమ్మను హేళన చేయువారు ఆ మాట వినవలెను. అయినను అది ముందుమాటలో చేర్చిన మందు. ఉపమానములో కడపటివాడు కథకే నడుము.

మూడవది లోపమని చెప్పను, జ్ఞాపకము చేయుచున్నాను. రస్కిన్ తండ్రి ద్రాక్షారసము అమ్మి గొప్పవాడైన వర్తకుడు. ద్రాక్షతోట కూలివానిని గూర్చి వ్రాసిన కుమారుడు ద్రాక్షారసపు ధనముతోనే చదువుకొనెను. తండ్రి 1864లో చనిపోగా వచ్చిన ఆస్తిలో ఎక్కువ భాగమును తరువాతి కాలమున ఇతరుల మేలునకే వెచ్చించెను. కాబట్టి ఆయనను వేషధారి అని నేననను. కడుపు నిండినవాడు ధనము కొలత కాదని చెప్పుట ఎంత సులభమో ఆయన కథ మనకు చూపుచున్నది. జీతము ఇచ్చు చేతిలోనుండి ఆ మాట వచ్చినప్పుడు మరింత జాగ్రత్తగా వినవలెను.

సెమినరీలో మాకు ఒక సంగతి నేర్పిరి: ఉపమానమును కూలిరేట్ల చట్టముగా చదువరాదు, ఇది పరలోక రాజ్యపు కృపను గూర్చినది. నిజమే. ప్రతి దినము అయిదు గంటలకు వచ్చినవానికి పూర్తి కూలి ఇచ్చినయెడల మరునాడు ఉదయమున ఎవరు వత్తురని మన రైతు సోదరులు అడిగినచో, ఉపమానము వారి పద్దు పుస్తకమును దిద్దుటకు చెప్పబడలేదని నేనును ఒప్పుకొందును. అయితే ప్రభువు కృపను చూపుటకు రాజసభను కాక కూలివారి వరుసను ఏల ఎంచుకొనెను? మనుష్యుడు తన్నును తాను కొలిచికొనుట అక్కడ బయటపడినంత స్పష్టముగా మరి ఎక్కడను బయటపడదు గనుక అని నాకు తోచుచున్నది.

పాత నిబంధనలోను ఈ తూనిక కలదు. నిర్గమకాండము 30వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు లెక్కింపబడునప్పుడు ప్రతివాడును ప్రాణ పరిక్రయధనముగా అరతులము ఇయ్యవలెను. ధనవంతుడు ఎక్కువ ఇయ్యరాదు, బీదవాడు తక్కువ ఇయ్యరాదు. కానుకలు ఎవరి శక్తి కొలది వారు తేవచ్చును. ప్రాణము కొరకు ఇచ్చునప్పుడు మాత్రము అందరికి ఒకే తూనిక. లేవీయకాండము 27వ అధ్యాయము చూపి, అక్కడ పురుషునికి యాబది తులములు, స్త్రీకి ముప్పది తులములు అని వెల కట్టలేదా అని అడుగువారుందురు. కట్టిరి. అది మ్రొక్కుబడి తీర్చుకొనుటకు ఏర్పరచిన లెక్క. అక్కడ కూడ వెల రాబడిని బట్టి కాదు, మిక్కిలి బీదవానికి యాజకుడు వెల తగ్గింపవలెను. మనుష్యుడు మనుష్యునికి వెల కట్టుట మొదలుపెట్టినప్పుడు అది ఎక్కడికి పోయినదో మనకు తెలియును. ముప్పది వెండి నాణెములకు పోయినది. ఎద్దు పొడిచి చంపిన దాసునికి చెల్లించు వెల అదియే.

ఇది ఇతరుల తప్పుగా నేను వ్రాయుట లేదు. నేను కాపరిగా నున్న ఒక గ్రామములో ఒకే వారము రెండు సమాధి కార్యక్రమములు జరిగినవి. ఒకరు పట్టణములో పెద్ద ఉద్యోగము చేసి, క్రిస్మసుకు మాత్రము ఊరికి వచ్చు పెద్దమనిషి. షామియానా వేసిరి, మైకు పెట్టిరి, నలుగురు మాటలాడిరి. నేను కాగితము మీద వ్రాసికొని ముప్పావు గంట ప్రసంగించితిని. రెండవవాడు మా గుడి గంట కొట్టి, సమాధులు త్రవ్వు ముసలివాడు. సంఘము ఆయనకు నెలకు కొద్దిపాటి రూపాయలును, క్రిస్మసుకు ఒక పంచెయు ఇచ్చుచుండెను. ఆ దినము పట్టణములో నాకు కమిటీ కూటమున్నది. పావు గంటలో ముగించితిని. నేను బయలుదేరుచుండగా ఆయన భార్య దగ్గరకు వచ్చి నెమ్మదిగా, "అయ్యగారూ, మా ఆయన గురించి చెప్పడానికి ఏమీ లేదాండీ?" అని అడిగినది. ఆమె మాటలో కోపము లేదు. నిజముగా తెలిసికొన గోరి అడిగినది. నాకు జవాబు లేకపోయెను. బస్సు ఎక్కితిని.

ఆ జవాబు ఈస్టరు తెల్లవారుజామున దొరికినది. మా సమాధుల దొడ్డిలో రాయి పెట్టించుకొనగలవారి సమాధులు కొన్నియే. తక్కినవి మట్టి దిబ్బలు. రెండు వానకాలములు గడచినచో నేలలో కలిసిపోవును. ఏ దిబ్బ ఎవరిదో ఆ ముసలివానికి తెలియును. ప్రతి ఈస్టరుకు ఆయన లాంతరు పట్టుకొని నిలిచి, వచ్చినవారిని వారి వారి తల్లి దగ్గరకు, బిడ్డ దగ్గరకు తీసికొనిపోవుచుండెను. ఆయన పోయిన తరువాతి ఈస్టరున ఇద్దరు అక్కచెల్లెండ్రు కొవ్వొత్తులు పట్టుకొని చాలసేపు తిరిగిరి. తల్లి సమాధి కనబడలేదు. చివరకు ఆ కొవ్వొత్తులను గేటు దగ్గర నిలిపి వెళ్లిపోయిరి. పద్దు పుస్తకములో ఆయన పేరు ఎదుట మేము వ్రాసిన అంకెకును, ఆ కొవ్వొత్తులకును ఏమి సంబంధము?

అయితే ఇక్కడ నేనును రస్కిన్ చేసిన తప్పే చేయుదునేమో అని భయపడుచున్నాను. ఆయన ఇంత ఉపయోగమైనవాడు గనుక విలువగలవాడు అని చెప్పినచో, అది మరియొక మేకు. ఆయన ఒక్క సమాధియు త్రవ్వక, ఒక్క గంటయు కొట్టక, పక్షవాతముతో ముప్పది యేండ్లు మంచము మీద పడియున్నను, నేను పావు గంటలో ముగించి బస్సు ఎక్కుట తప్పే. కడపటివారు దేనారము సంపాదించినంత పని చేసిరని ఉపమానము చెప్పదు. మనుష్యుని విలువ సంపాదింపబడునది కాదు; కావున జీతము చేత కొలువబడదు, ఉపయోగము చేత కొలువబడదు, మంచి పేరు చేత కూడ కొలువబడదు. దేవుని పోలికలో చేయబడెను గనుక, ఆయన కుమారుని ప్రాణము చేత కొనబడెను గనుక, దానికి సంతలో రేటు లేదు.

రేటు లేదను ఈ సత్యమును తలక్రిందులు చేసి వాడుకొనువారున్నారు. "డబ్బులో ఏమున్నదయ్యా, దేవుని దృష్టిలో అందరును సమానులే" అని చెప్పి పాలేరుకు కూలి తగ్గించు ఆసామి మాట మీరు వినియుందురు. గుడి గంట కొట్టువానికి మేము చేసినదియు అదియే. ఆయన సేవ వెలలేనిదని చెప్పుకొని వెల ఇయ్యకపోతిమి. మనుష్యునికి వెల లేదు గాని వాని పనికి కూలి ఉన్నది, ఆ కూలి సూర్యుడు అస్తమింపక ముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. బీదవాడు దాని మీద ఆశ పెట్టుకొనియుండును గనుక అని కారణము కూడ చెప్పుచున్నది. బిగపట్టిన కూలి మొరపెట్టునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో చెప్పెను. 1976లోనే మన దేశములో స్త్రీ పురుషులకు సమాన వేతనమను చట్టము వచ్చినది. ఒకే చేనులో ఒకే ఎండలో పనిచేసిన స్త్రీకి తక్కువ కూలి ఇచ్చి, ఆమె విలువ ఆత్మలో ఉన్నదని ప్రసంగించుట వేషధారణ. రస్కిన్ ఈ సంగతిని ఎరుగును. ఆయన పుస్తకము యొక్క బలము ఇదే. మనుష్యుడు అంకె కాడు గనుకనే వానికి ఇచ్చు అంకె న్యాయమైనదిగా ఉండవలెను.

మా సంఘములో తరువాత రెండు పనులు చేసితిమి. క్రొత్తగా గంట కొట్టువానికి జీతము పెంచవలెనని కమిటీని అడిగితిని. రెండు కూటములు వాదించిన పిమ్మట ఒప్పుకొనిరి. రెండవది, కోత పండుగనాడు కానుకల పట్టికను పెద్ద మొత్తము మొదలుకొని చదువు అలవాటు మాని, అంకెలు చెప్పక వీధుల వరుసలో పేర్లు మాత్రము చదివితిమి. పిడికెడు బియ్యము తెచ్చిన విధవరాలి పేరు, ఇరువది బస్తాలు తోలించిన ఆసామి పేరు ఒకదాని ప్రక్క ఒకటి వచ్చెను. ఆ సంవత్సరము కానుకలు తగ్గినవి. ఆ మాట మీ దగ్గర దాచను. తగ్గినంత మట్టుకు మనము దేవునికి కాక పట్టికకు ఇచ్చుచుంటిమని తెలిసికొంటిని.

ప్రియ చదువరులారా, యజమానుడు కడపటివారికి మొదట కూలి ఎందుకు ఇప్పించెనో ఆలోచించితిరా? మొదటివారికి మొదట ఇచ్చి పంపినయెడల వారు తమ దేనారముతో సంతోషముగా ఇంటికి పోయియుందురు; సణుగుట ఉండకపోవును. వారు నిలిచి చూడవలెననియే ఆయన అట్లు చేసెనని నా నమ్మకము. తమ హృదయములో దాగియున్న కొలబద్దను వారు చూడవలెను. మనమును ఆ వరుసలోనే నిలిచియున్నాము. మనలో ప్రతివాడును తాను తెల్లవారుజామున వచ్చినవాడనని అనుకొనును. నా మట్టుకు నాకు, ఆ విధవరాలి ప్రశ్న విన్న దినము మొదలుకొని, నేను అయిదు గంటలవాడననియే తోచుచున్నది.

మీ యింట సంబంధము మాటలాడుటకు పెద్దలు కూర్చుండినప్పుడు మొదటి ప్రశ్నను మార్చుడి. మీ పాలేరు కూలి చీకటి పడకమునుపే ఇచ్చివేయుడి. ఈ ఆదివారము మీ పిల్లలను దగ్గరకు పిలిచి, మన గుడి గంట కొట్టువాని పేరేమిటని అడుగుడి. వారికి తెలియనియెడల మీరే వారిని ఆయన దగ్గరకు తీసికొనిపోయి, పేరు అడిగి తెలిసికొని, 'గారు' చేర్చి పిలుచుట నేర్పుడి. ప్రభువు మనకు సహాయము చేయును గాక.